గంట మ్రోగినప్పుడు లేవవలెను

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబోయినట్లు అను సామెతను మన పెద్దలు తఱచుగ చెప్పుచుందురు. నీటిని గూర్చి పుట్టిన యీ మాట ఆలోచనకు గూడ వర్తించును. మంట లేచిన పిదప ఏమి చేయుదమని ఆలోచింప మొదలిడుట, కాలుచున్న యింటి ముందు గునపము చేతబట్టుట వంటిదే. సినిమా హాలులోగాని, నాటకశాలలోగాని, విద్యార్థుల వసతిగృహములోగాని నిప్పు గంట మ్రోగినప్పుడు లేచి వెలుపలికి పోవలెనా, కూర్చుండి చూడవలెనా యను ప్రశ్నకు ఆ క్షణమున సమాధానము వెదకరాదు. అది ముందుగనే నిర్ణయింపబడి, అలవాటుగా మాఱి యుండవలెను. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

నా యనుభవ మొకటి మనవి చేసెదను. నేను చదువుకొను దినములలో ఒక వసతిగృహమున ముప్పదిమంది బాలురము ఒకే పొడుగాటి గదిలో పండుకొనెడివారము. ఒకనాటి రాత్రి పది గంటలు దాటిన పిదప వరండాలోని యినుప గంట ఎడతెగక మ్రోగినది. అందఱము మేల్కొంటిమి. ఒకరి ముఖము నొకరు చూచుకొంటిమి. ఎవరును లేవలేదు. పై తరగతి విద్యార్థి యొకడు, “ఎవడో కొంటెపని చేయుచున్నాడు, పడుకోండిరా” అనెను. ఆ మాట వినగనే నాకు గొప్ప నెమ్మది కలిగినది. దుప్పటి ముసుగు పెట్టుకొంటిని. కొంతసేపటికి వంటమనిషి తడి గోనెసంచి చేతబట్టుకొని వచ్చి మమ్ము పేరుపేరున తిట్టుచు లేపినాడు. ప్రక్క గదిలో దోమల బత్తి నిప్పు పఱుపున కంటుకొని పొగ క్రమ్మియుండెను. దానిని చల్లార్చినది అతడొక్కడే. మాకు హాని కలుగలేదు. కాని అది మా వివేకము వలన గాదు, ఆ వంటమనిషి మెలకువ వలన. నేటికిని నన్ను బాధించునది ఆ పొగ కాదు. ఆ మాట వినగనే నాకు కలిగిన నెమ్మదియే.

దీనిని బాలుర సోమరితనమని త్రోసివేయరాదు. బిబ్ లటానే, జాన్ డార్లే అను ఇద్దరు అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 1968లో ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. వారు విద్యార్థులను ఒక గదిలో కూర్చుండబెట్టి, ప్రశ్నపత్రములను నింపుమని చెప్పి, గోడలోని రంధ్రము గుండ పొగను లోనికి పంపిరి. ఒంటరిగా నున్నవారిలో నూటికి 75 మంది లేచిపోయి ఆ సంగతి తెలిపిరి. పొగను చూచియు చలింపకుండుమని ముందుగనే బోధింపబడిన యిద్దరి నడుమ కూర్చుండబెట్టిన వారిలో మాత్రము పదిమందికి ఒక్కడే తెలిపెను. తక్కినవారు కన్నులు నులుముకొనుచు, దగ్గుచు, వ్రాయుచునే యుండిరి. వారు తెలివి లేనివారు కారు, పిఱికివారును కారు. ప్రక్కవాడు కదలలేదు గనుక ఆపద లేదని ప్రతివాడును తలచెను. ఇతని మౌనము అతనికి ధైర్యమైనది. అతని మౌనము ఇతనికి ధైర్యమైనది. మా హాస్టలు గదిలో ఆ రాత్రి జరిగినదియు నిదే.

ఇక నాటకశాల, సినిమా హాలు సంగతి చూతము. అచట చీకటి యుండును. చూపు తెరమీద నుండును. టిక్కెట్టు కొన్నవాడు, ఆపద వచ్చినచో హాలువారే చెప్పుదురులే యని నమ్మి కూర్చుండును. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో మధ్యాహ్నపు ఆట జరుగుచుండగా క్రింది యంతస్తులోని ట్రాన్స్‌ఫార్మరు అంటుకొనెను. పొగ మెట్ల గుండ పైకెగసి బాల్కనీని నింపెను. ప్రేక్షకులను హెచ్చరించు ప్రకటన వెలువడలేదు. ఆపద దీపములు లేవు. బాల్కనీలో అదనముగ వేసిన కుర్చీలు ఒక ప్రక్క దారిని మూసియుండెను. 59 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిని చంపినది మంట కాదు, పొగ. మంట కంటబడువఱకు కూర్చుండువాడు ఎంత పొరపాటు పడుచున్నాడో దీనివలన తెలియగలదు. మంటకంటె ముందు పొగ వచ్చును. పొగ వచ్చిన పిదప కన్ను కానదు, కాలు సాగదు.

ఇది ఒక్క దేశమునకు పరిమితమైన దోషము గాదు. అమెరికాలోని చికాగో నగరమున ఇరాక్వా అను నాటకశాల పూర్తిగా అగ్నినిరోధకమైనదని చాటుకొనుచు 1903 నవంబరులో ప్రారంభమయ్యెను. ఆ డిసెంబరు 30న అచట 602 మంది మరణించిరి. పై యంతస్తుల తక్కువ ధర టిక్కెట్లవారు క్రింది మంచి కుర్చీలలోనికి దిగిరాకుండుటకై మెట్లమీది యినుప గేట్లకు తాళములు వేసియుండిరి. ఎన్నియో తలుపుల గొళ్ళెములు తీయు విధము జనులకు తెలియదు. నగరపు అగ్నిమాపక దళమును పిలుచుటకు ఆ భవనమున గంట పెట్టెయే లేదు. హాస్యనటుడు ఎడ్డీ ఫాయ్ రంగస్థలముపై నిలిచి, భయపడవద్దని జనులను వేడుకొనెను. ఆయన ధైర్యము కొనియాడదగినదే. కాని తలుపు తెఱువబడనిచోట నెమ్మది మాత్రము మనుష్యుని కాపాడజాలదు.

ఇచట నొక ఆక్షేపణ వినవచ్చును. “నిప్పు అని కేక వేసినచో జనులు వెఱ్ఱిగా పరుగెత్తి ఒకరినొకరు త్రొక్కుకొందురు. నిజము తేలువఱకు మౌనము మేలు” అని హాలు యజమానులు, హాస్టలు వార్డెనులు గూడ చెప్పుచుందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. 1913 డిసెంబరు 24న అమెరికాలోని కాల్యుమెట్ పట్టణమున, సమ్మెలో నున్న గని కార్మికుల కుటుంబములు ఇటాలియన్ హాలు అను భవనపు మేడమీద క్రిస్మసు పండుగ జరుపుకొనుచుండగా ఎవరో నిప్పు అని కేక వేసిరి. నిప్పు లేదు. ఐనను మెట్లమీద నలిగి 73 మంది చనిపోయిరి; వారిలో బాలలే యెక్కువ. కావున అబద్ధపు కేక గూడ ప్రాణములు తీయునని ఒప్పుకొనవలసినదే. కాని దీనికి విరుగుడు మౌనము కాదు, అభ్యాసము. ఏ మెట్లు దిగవలెనో, ఏ తలుపు తీయవలెనో, ఎచట చేరవలెనో ముందుగ నడచి చూచినవాడు గంట విని నడచును. నడచి చూడనివాడు పరుగెత్తును.

ఇంతకంటె లోతైన చిక్కు వసతిగృహములలో గలదు. “నాన్నా, పులి!” అని ఊరక కేకలు వేసిన పిల్లవాని కథ మీరందఱు ఎఱుగుదురు. పులి నిజముగ వచ్చిననాడు ఎవరును రాలేదు. అమెరికాలోని సీటన్ హాల్ విశ్వవిద్యాలయపు వసతిగృహమున కొలది నెలలలో 18 మారులు గంట వట్టిగ మ్రోగినది. 2000 జనవరి 19న తెల్లవారుజామున మరల మ్రోగినప్పుడు, ఇదియు నట్టిదేయని పలువురు విద్యార్థులు ప్రక్కమీదనే యుండిరి. ఆనాడు నిప్పు నిజమైనది. ముగ్గురు యువకులు మరణించిరి. ఏబదిమందికి పైగా గాయపడిరి. కొంటెతనమునకు గంట మ్రోగించువాడు తోటివారి నిద్రను మాత్రమే దొంగిలించుచున్నానని తలచును. నిజమునకు వాడు దొంగిలించునది గంటయొక్క మాటనిలకడను. దానిని తిరిగి సంపాదించుట కష్టము.

కాని యీ నేరమును పిల్లలపైననే మోపి ఊరకుండుట న్యాయము గాదు. గంట మ్రోగిన ప్రతిమారును, అది ఏల మ్రోగినదో మఱునాడు ప్రార్థన సమయమున అందఱికి చెప్పుట నిర్వాహకుల విధి. పొగ యని భ్రమించి సదుద్దేశముతో గంట కొట్టినవానిని శిక్షింపరాదు, మెచ్చుకొనవలెను. ఒకమారు వానిని మందలించితిమా, నిజముగ పొగ చూచిన తరువాతివాడు గంట త్రాటిని ముట్టుటకు జంకును. పదిమారులు వట్టిగ లేచుటవలన పోవునది అరగంట నిద్ర. ఒకమారు లేవకపోవుటవలన పోవునది తిరిగిరాదు. ఈ లెక్క నాలుగవ తరగతి పిల్లవానికి గూడ అందును.

ఇక తాళము సంగతి. రాత్రివేళ హాస్టలు తలుపునకు వెలుపల తాళము వేయుట అనేకచోట్ల ఆచారము. దొంగల భయము, పిల్లలు గోడ దూకి సినిమాకు పోవుదురను భయము, ఆడపిల్లల రక్షణను గూర్చిన చింత దీనికి కారణములు. ఇవి తేలికగ త్రోసిపుచ్చదగినవి కావు; తల్లిదండ్రులే వార్డెనును తాళము వేయుమని కోరుట నేను చూచితిని. ఐనను నా యభిప్రాయము స్పష్టము: మనుష్యులు నిదురించు గదికి వెలుపలి తాళము ఉండరాదు. కెన్యా దేశమున క్యాంగులి యను చోట 2001 మార్చి 26న ఒక పాఠశాల వసతిగృహము తగులబడి 67 మంది బాలురు చనిపోయిరి. ఉన్న రెండు ద్వారములలో నొకటి తాళము వేయబడియుండెను. కిటికీలకు ఇనుప ఊచలుండెను. దొంగను ఆపవలెనన్నచో లోపలి గడియ చాలును, కావలివాడు చాలును. పిల్లవాడు పాఱిపోవునన్న భయమునకు హాజరుపట్టిక గలదు. పాఱిపోయిన పిల్లవానిని వెదకి తేవచ్చును గదా!

ఇవి దూరదేశపు కథలని మనము నిశ్చింతగ నుండరాదు. మనము నివసించు ఈ తమిళనాటనే, కుంభకోణమున 2004 జూలై 16న ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనము వండు చోట పుట్టిన నిప్పు ఆకుల కప్పునకు ప్రాకి 94 మంది చిన్నారులను పొట్టన బెట్టుకొన్నది. దాని పిదప 2009లో సుప్రీం కోర్టు దేశమందలి పాఠశాలలు అగ్నిరక్షణ నియమములను పాటింపవలెనని తీర్పు చెప్పెను. తీర్పు కాగితముమీద నుండును. తలుపు గడియ మన చేతిలో నుండును.

తరతరములుగ ఇచట స్థిరపడిన తెలుగువారమైన మనకు మఱియొక చిక్కు గలదు. బస్సులలో ‘అవసర వళి’ అని తమిళమున వ్రాసియుండుట మీరు చూచియుందురు. మనకు అవసరమనగా కావలసినది; తమిళమున తొందర, ఆపత్సమయము. అది ఆపదలో బయటపడు దారి యని తెలియని తెలుగు పిల్లవాడు దానిని చదివియు గ్రహింపడు. అట్లే, వార్డెను ‘నెరుప్పు’ అని కేక వేసినచో, పల్లెనుండి నిన్ననే హాస్టలు చేరిన చిన్నవానికి అర్థమగునో లేదో! గంటకు భాష లేదు; కాని గంట తరువాత వచ్చు మాటకు భాష గలదు. కావున మన పిల్లలు ఆపదను తెలుపు తమిళపు మాటలను, గుర్తులను మొదటి వారముననే నేర్వవలెను. మన హాస్టళ్ళలో తెలుగు మాట గూడ గోడమీద నుండవలెను. అదియు తేలికగ నుండవలెను. వ్యాసము గ్రాంథికమున వ్రాయవచ్చును గాని, పొగలో నున్న పిల్లవానికి ‘నిర్గమన ద్వారము’ అని చెప్పరాదు. ‘మంట! బయటికి నడవండి!’ అని చెప్పవలెను.

విద్యార్థులారా! సినిమా హాలులో కూర్చుండగనే, దీపము లార్పకముందే, మీకు దగ్గఱనున్న రెండు తలుపులను చూచికొనుడు. గంట మ్రోగినచో ప్రక్కవాని ముఖము చూడకుడు. మీరే ముందుగ లేవుడు. మీరు లేచినచో మఱి పదిమంది లేతురు. పుస్తకములకై, పెట్టెకై, సెల్‌ఫోనుకై వెనుకకు పోకుడు. పొగ పైకి ప్రాకును గనుక నేలకు వంగి నడువుడు. మూసిన తలుపును తీయకముందు అఱచేతి వెనుక ప్రక్కతో ముట్టి చూడుడు. వేడిగ నున్నచో వేఱు దారి వెదకుడు. వెలుపలికి వచ్చిన పిదప 101కి గాని 112కు గాని ఫోను చేయుడు, లేక పెద్దలచే చేయింపుడు.

తల్లిదండ్రులకు నా మనవి యిది. బిడ్డను హాస్టలున చేర్చునప్పుడు ఫీజెంత, భోజన మెట్టిది యని అడుగుచున్నారు. వానితోబాటు మఱి మూడు ప్రశ్నలు అడుగుడు. రాత్రి తలుపునకు తాళము ఎటువైపున? రెండవ దారి ఎక్కడ? గంట మ్రోగించి పిల్లలను వెలుపలికి నడిపించి, పేర్లు పిలిచి లెక్క చూచినది కడపటిసారి ఎప్పుడు? ఏడాదికి రెండుమారులైనను, అందు ఒకమారు రాత్రివేళ, ఇట్టి అభ్యాసము జరుగవలెనని కోరుడు. ఈ ప్రశ్నలకు కోపించు నిర్వాహకుడు ఉండవచ్చును. కాని పదిమంది తల్లులు అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పక తప్పదు.

బడిలో గంట మ్రోగగనే మనము తరగతికి పోవుదుము. ఏల యని ఎవరును ప్రశ్నింపరు, ప్రక్కవాని వంక చూడరు. ఆ యలవాటునే నిప్పు గంటకును నేర్చికొనినచో చాలును.