మా ముప్పయ్యేళ్లు మీ బీరువాల్లో ఉన్నాయి

ఈటీవీ నెట్‌వర్క్ యాజమాన్యం వారికి,
రామోజీ ఫిల్మ్ సిటీ, హైదరాబాద్.



2025 ఆగస్టు 27తో ఈటీవీకి ముప్పయ్యేళ్లు నిండాయి. అభినందనలు చాలామంది చెప్పే ఉంటారు, నావీ అందులో కలుపుకోండి. ఈ ఉత్తరం మాత్రం అందుకు కాదు. పండగ అయ్యాక అటక మీది సామాను ఓసారి దించి చూసుకుంటాం కదా, ఆ పని మీతో చేయించాలని.

శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి మా మీద ఇంత చనువేమిటని మీరు అడగొచ్చు. మీ సంస్థ పత్రిక ఈనాడు పుట్టింది హైదరాబాద్‌లో కాదు. 1974 ఆగస్టు 10న, విశాఖపట్నం సీతమ్మధారలో. తెల్లారకముందే పేపరు గుమ్మంలో పడాలన్న వ్యవస్థాపకుడు రామోజీరావు గారి పట్టుదలకి తొలి పరీక్ష ఉత్తరాంధ్ర రోడ్ల మీదే జరిగింది. 1989లో జిల్లాకో అనుబంధం పెట్టాక, మా ఊరి చెరువుకి గండి పడ్డ సంగతి కూడా అచ్చుకెక్కుతుందని మాకు తెలిసింది. ఆ చనువుతోనే 1995లో మీరు టీవీ పెడితే మనోళ్లదే అనుకున్నాం.

ఆ ఏడాదికి ఇంకో విశేషం ఉంది. ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం కుదరదు అని తీర్పిచ్చింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. అప్పటిదాకా తెలుగులో టీవీ అంటే 1977లో మొదలైన హైదరాబాద్ దూరదర్శనే. ఆ సంవత్సరమే జెమిని వచ్చింది, మీరొచ్చారు. మా వైపు కేబులబ్బాయి కొబ్బరిచెట్టు నుంచి కొబ్బరిచెట్టుకి, అక్కణ్నుంచి డాబా పిట్టగోడకి నల్లవైరు లాగేవాడు. గట్టిగా గాలేస్తే సీరియల్ ఆగిపోయేది, ఆయన ఫోను ఎత్తేవాడు కాదు. అలా పడుతూ లేస్తూనే పొద్దున్న 'అన్నదాత', తర్వాత గాయకుడు ఎస్పీ బాలు గారి 'పాడుతా తీయగా' చూశాం.

ఆ తర్వాత మీరు పెరిగిన తీరు ఇప్పటికీ నాకు అబ్బురమే. 2000 నుంచి రెండు మూడేళ్లలో బంగ్లా, మరాఠీ, కన్నడ, గుజరాతీ, ఉర్దూ, ఒడియా, ఆపైన హిందీ రాష్ట్రాలకి వేరువేరుగా ఛానెళ్లు. తెలుగువాళ్ల సంస్థ ఒకటి బిహార్ వాళ్లకి బిహార్ వార్తలు చెప్పింది! ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇంట్లో ఒడియా, బజార్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. వాళ్లకి ఈటీవీ రెండు భాషల్లోనూ దొరికింది. 2003 డిసెంబరులో ఈటీవీ-2, మరుసటి నెలలో టీవీ9 రావడంతో వార్తలు పొద్దస్తమానం అయ్యాయి. రాష్ట్రం విడిపోయిన రోజుల్లో ఈటీవీ-2 కాస్తా ఈటీవీ ఆంధ్రప్రదేశ్ అయింది, పక్కన ఈటీవీ తెలంగాణ వచ్చింది. ఈలోగా తెలుగేతర ఛానెళ్లు నెట్‌వర్క్18 చేతికి వెళ్లాయి. 2015లో ఈటీవీ ఒడియా పేరు కలర్స్ ఒడియాగా మారింది.

బోర్డు మారడం వ్యాపారం, దాని మీద నాకు పేచీ లేదు. మరి బోర్డు మారినప్పుడు పాత క్యాసెట్లు ఎవరింటికి వెళ్లాయి? నా ప్రశ్న అక్కడ మొదలైంది.

మాకు సంబంధించి మీ బీరువాల్లో ఏముండాలో కాస్త చెప్తాను. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఏటా దసరా తర్వాతి మంగళవారం వస్తుంది. మాను చివర కూర్చున్న పూజారిని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు, కెమెరాలన్నీ ఆయన మీదే ఉంటాయి. నాకు కావలసింది ఆయన వెనకున్నది. 2020లో కూల్చేసిన మూడు లాంతర్ల స్తంభం ఆ పాత టేపుల్లో ఇంకా నిలబడే ఉంటుంది. దాని చుట్టూ అప్పటి కొట్ల బోర్డులు, రిక్షాలు, జనం కట్టుకున్న బట్టలు. విజయనగరం ఏడాదికేడాది ఎలా మారిందో చూపే చిత్రమాల అది. ఎవరూ పనిగట్టుకుని తియ్యలేదు, దానంతటదే తయారైంది.

తప్పెటగుళ్లు చూడండి. గుండెకి కట్టుకున్న రేకు మీద రెండు చేతులా వాయిస్తూ, కాళ్లకి గజ్జెలతో గుండ్రంగా తిరిగి, ఆఖర్న ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కడతారు. వార్తలో దాన్ని పది సెకన్లు చూపిస్తారు, పైన రిపోర్టర్ గొంతు వినబడుతుంటుంది. కానీ కెమెరామేన్ పది సెకన్లు తీసి ఇంటికి పోడు. కత్తిరించని టేపులో పాట మొదలు నుంచి ఉంటుంది. మధ్యలో ఒక ముసలాయన ఆయాసపడి పక్కకొచ్చి, మైకు చూసి, "ఏటి బాబూ, ఇది టీవీలో ఎప్పుడొత్తాది?" అని అడగడమూ ఉంటుంది. నా దృష్టిలో ఆ ప్రసారం కాని ముక్కే అసలు ఆస్తి.

మా మాటని ముప్పయ్యేళ్లుగా తెలుగు తెర నవ్వులకే ఎక్కువ వాడుకుంది. కామెడీలో పనిమనిషికి, పల్లెటూరి బైతుకి మా యాస పెట్టేస్తారు. ఈ మాట మీ ఒక్కరినే అనడం లేదు, అన్ని ఛానెళ్లకీ, సినిమాలకీ వాటా ఉంది. అదే యాసలో మనిషి కోపంగా, దుఃఖంగా, తెలివిగా, వాదనగా మాట్లాడింది వార్తల టేపుల్లోనే. 2010 జులై 14న సోంపేటలో బీల చిత్తడి భూముల కోసం పోరాడినవాళ్ల మీద కాల్పులు జరిగిన రోజున ఆడవాళ్లు మాట్లాడిన మాట ఉంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి కాల్పులున్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కొట్టేశాక కూలిన కొబ్బరితోటలో నిలబడ్డ ఉద్దానం రైతు ఉన్నాడు. ఆ మరుసటి నెలలోనే పాకిస్తాన్‌కి పట్టుబడ్డ మత్స్యకారుల ఇళ్ల ముందు, 2020 జనవరిలో వాళ్లు తిరిగొచ్చేదాకా మైకులు నిలబడ్డాయి. ఆ కథ మీద 2025లో 'తండేల్' వచ్చింది, జనం చూశారు, బాగుంది. ఆ సినిమాకి మూలమైన అసలు గొంతులు ఎక్కడున్నాయి?

ప్రజాగాయకుడు వంగపండు ప్రసాదరావు 2020లో పోయారు, కథకుడు కాళీపట్నం రామారావు (కారా) మాస్టారు 2021లో పోయారు. వాళ్లు మళ్లీ ఇంటర్వ్యూ ఇవ్వరు.

భయం ఎందుకంటే, టేపు కాగితం లాంటిది కాదు. ఆ రోజుల్లో విలేకరి క్యాసెట్‌ని కవర్లో పెట్టి, పైన పేరు రాసి, ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు డ్రైవరు చేతికిచ్చి బతిమాలుకునేవాడు. పొదుపు కోసం ఒకే క్యాసెట్ మీద మళ్లీ మళ్లీ రికార్డు చేయడం అప్పట్లో ఈ రంగంలో అందరికీ అలవాటే. మిగిలినవాటికి తేమ శత్రువు. టేపు మీది అయస్కాంతపు పూత అంటుకుపోతుంది, ఊడిపోతుంది. పాత ప్రొఫెషనల్ టేపుల్ని తిప్పే యంత్రాల అమ్మకాన్ని సోనీ 2016లోనే ముగించింది. పాడైతే బాగుచేసేవాళ్లు కూడా రాన్రాను దొరకరు.

చట్టం సాయపడుతుందా అంటే, పడదు. అచ్చయిన పుస్తకం ప్రతిని జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954లోనే చట్టం చేశారు. టీవీ ప్రసారానికి అలాంటిది లేదు. ఛానెళ్లు తమ ప్రసారాన్ని 90 రోజులు దాచి ఉంచాలని మాత్రం నిబంధన ఉంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే చూపించడానికి అది. తొంభై ఒకటో రోజు నుంచి చరిత్ర మీ దయ.

ఇది మన దేశానికే పట్టిన జబ్బు కాదు. బీబీసీ 1960లు, 70లలో పాత టేపులు చెరిపేసుకుని, 'డాక్టర్ హూ' ధారావాహికలో తొంభైకి పైగా భాగాలు పోగొట్టుకుంది. అమెరికాలో పాల్ సింప్సన్ అనే బీమా సంస్థ ఉద్యోగి, పెద్ద పెద్ద నెట్‌వర్కులు తమ సాయంత్రం వార్తల్నే దాచుకోవడం లేదని తెలిసి ఆశ్చర్యపోయాడు. ఆయన పట్టుబట్టి వెంటపడటంతో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 1968 ఆగస్టు 5 నుంచి రోజూ వార్తల్ని రికార్డు చేయడం మొదలుపెట్టింది. ఫ్రాన్స్ 1992లో చట్టమే చేసి, టీవీ ప్రసారాలు జాతీయ భండారానికి చేరేలా చూసింది. మన ప్రసార భారతి కూడా ఆకాశవాణి, దూరదర్శన్ పాత నిధుల్లోంచి కొన్నిటినైనా యూట్యూబ్‌లో పెడుతోంది.

అంత దూరం ఎందుకు? శ్రీకాకుళం విశాఖ 'ఎ' కాలనీకి రండి. ఒక లెక్కల మాస్టారు, పురస్కారాలతో వచ్చిన డబ్బు పెట్టి, 1997 ఫిబ్రవరి 22న తెలుగు కథకి ఇల్లు కట్టారు. ఎవరి కథ ఏ పత్రికలో ఎప్పుడు అచ్చయిందో వెతుక్కోవాలంటే పరిశోధకులు హైదరాబాద్ వెళ్లరు, కథానిలయానికి వస్తారు. కారా మాస్టారి దగ్గర ఫిల్మ్ సిటీ లేదు, ఉపగ్రహం లేదు. ఉన్నదల్లా ఓపిక, ఉత్తరాలు రాసే అలవాటు. ఆయన చేయగలిగిన పనిని మీరు చేయలేరంటే నేను నమ్మను.

అడిగేది ఇది. శ్రీకాకుళం, విజయనగరం, 2022లో విడిపోయిన పార్వతీపురం మన్యం జిల్లాలకి సంబంధించి మీ దగ్గరున్న టేపుల జాబితా ముందు బయటపెట్టండి. తేదీ, ఊరు, విషయం ఉంటే చాలు. పోయినవి పోయాయని అందులోనే రాసేయండి, ఎవరూ నిందించరు. 'పాడుతా తీయగా'లు, సీరియల్సూ ఎలాగూ బతుకుతాయి, వాటికి ఇప్పటికీ గిరాకీ ఉంది. గిరాకీ లేని జిల్లా వార్తల టేపుల్ని ముందు డిజిటల్‌లోకి మార్చండి. ఆ ప్రతిని ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయంలోనో, విజయనగరంలో ఏదైనా గ్రంథాలయంలోనో కూర్చుని చూసుకునేలా ఇవ్వండి. ఖర్చంతా మీరే భరించాలని అనను. ప్రభుత్వం, విశ్వవిద్యాలయాలు చెయ్యి వేయాలి, అవి కదలాలంటే మీరు ముందు అడుగేయాలి. హక్కులు మీవే ఉంచుకోండి.

యూట్యూబ్‌లో పెట్టేయమని మాత్రం అడగను. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మంచం మీదున్న ఉద్దానం మనిషి, శవం ముందు ఏడుస్తున్న తల్లి ముప్పై సెకన్ల రీల్ అయిపోవడం నాకిష్టం లేదు. అలాంటివి గదిలో, అడిగి, సంతకం పెట్టి చూసేలా ఉండాలి. తమ ఇంటి మనిషి ఉన్న ముక్క ఆ కుటుంబం అడిగితే ఉచితంగా ఇవ్వాలి. ఇది దాతృత్వమేమీ కాదు. ఆ గొంతు వాళ్లది.

మధ్యలో మా లోకల్ కేబుల్ ఆపరేటర్లకి కూడా ఒక మాట. పెళ్లిళ్లు, అమ్మవారి సంబరాలు, ఎన్నికల సభలు మీరు రికార్డు చేసి వేసిన వీహెచ్‌ఎస్ క్యాసెట్లు గోడౌన్లలో ఉంటే, పాత సామానోడికి ఇచ్చేయకండి.

మళ్లీ ఈటీవీ వారి దగ్గరికే వస్తే, తరంగాలు ప్రజలవని కోర్టు చెప్పిన ఏడాదే మీరు పుట్టారు. వాటి మీద మోసుకెళ్లిన మా ముఖాల్లో మాకూ వాటా ఉందని అడగడానికి అంతకు మించి చట్టం మాకక్కర్లేదనుకుంటున్నాను. జవాబు ఈనాడు శ్రీకాకుళం, విజయనగరం ఎడిషన్లలోనే వేయండి, మేం రోజూ చదువుతాం. జాబితాలో మొదటి పేజీ ఎప్పుడొస్తుందో ఆ తేదీ కూడా అందులో రాయండి.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా ప్రేక్షకుడొకడు