తాబేలుకు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్

గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన, గలాథియా నది సముద్రంలో కలిసేచోట ఏటా శీతాకాలంలో లెదర్‌బ్యాక్ తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. వీటికి గట్టి డిప్ప ఉండదు, తోలు లాంటి వీపు. మన కోస్తాకు వచ్చే ఆలివ్ రిడ్లే యాభై కిలోలుంటే ఇది మూడు నాలుగు వందల కిలోలు తూగుతుంది. లిటిల్ అండమాన్‌లో ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలిన వాటిలో కొన్ని ఆస్ట్రేలియా వైపు, మరికొన్ని ఆఫ్రికా వైపు వెళ్లాయి.

అక్కడి మెగాపోడ్ ఇంకో వింత. కోడంత ఉండే ఈ పక్షి గుడ్లను పొదగదు. ఇసుక, ఆకులు పోగేసి గుట్ట కడుతుంది. ఆకులు కుళ్లే వేడికే గుడ్లు పొదుగుతాయి. పిల్ల గుట్ట తవ్వుకుని బయటికొచ్చి, తల్లి మొహమైనా చూడకుండా అడవిలోకి నడిచిపోతుంది. ఈ గుట్టలు ఎక్కువగా తీరం పక్కనే ఉంటాయి కాబట్టి 2004 డిసెంబర్ 26 సునామీకి కొట్టుకుపోయాయి. గుడ్లు పెట్టే జంటలు సుమారు 70 శాతం తగ్గినట్టు తర్వాతి సర్వేలో తేలింది. నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి ఇందిరా పాయింట్ లైట్‌హౌస్ అడుగుభాగం నీటిపాలైంది. అయినా ఇసుక మళ్లీ మేట వేసింది, తాబేళ్లు తిరిగొచ్చాయి.

సునామీని తట్టుకున్న వాటిని ఫైలు పట్టుకుంది. 2021 జనవరిలో గలాథియా బే అభయారణ్యం హోదా రద్దుకు జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం ఒప్పుకుంది. 2022 నవంబర్‌లో రేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్‌లకు పర్యావరణ అనుమతి వచ్చింది. అప్పటి అంచనా రూ.72,000 కోట్లు. 130 చదరపు కిలోమీటర్ల అడవి ప్రాజెక్టు కిందికి పోతుంది. 9.64 లక్షల చెట్లు కొట్టాల్సి రావచ్చని 2023లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. బదులుగా మొక్కలు నాటేది ఎక్కడనుకున్నారు? హర్యానాలో!

రేవు వాదన తీసిపారేసేదేమీ కాదు. మలక్కా జలసంధికి వెళ్లే ఓడల దారి ఆ పక్కనే. మన కంటైనర్లు కొలంబోలోనో సింగపూర్‌లోనో ఓడ మారుతుంటే ఆ డబ్బు మనకే రావాలనుకోవడంలో తప్పు లేదు. అయితే తాబేళ్లకు లిటిల్ నికోబార్‌లో, మెగాపోడ్‌కు మెంచాల్ దీవిలో 2022లో కొత్త అభయారణ్యాలు ప్రకటించి సరిపెట్టడమే విడ్డూరం. గెజిట్ చదివి దారి మార్చుకునే తాబేలు ఇంకా పుట్టలేదు.

మనుషుల సంగతీ అంతే. సునామీకి ఊళ్లు పోయిన నికోబారీలను క్యాంప్‌బెల్ బే దగ్గర పునరావాస ఇళ్లలో పెట్టారు. పాత ఊళ్లకు వెళ్లనివ్వండని వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. 2022 ఆగస్టులో గిరిజన మండలి నిరభ్యంతర పత్రమిచ్చింది. ఆ ఊళ్ల భూములూ ప్రాజెక్టులో ఉన్నాయని తెలిశాక నవంబర్‌లో దాన్ని వెనక్కి తీసుకుంది. అడవి లోపల ఉండే షోంపెన్‌లు 2011 లెక్కల్లో 229 మంది. దీవి మొత్తం జనాభా అప్పటికి ఎనిమిది వేలు. ముప్ఫై ఏళ్లలో దాన్ని మూడున్నర లక్షలకు చేర్చాలన్నది ప్రణాళిక.