మార్గదర్శకాలను తూచే హక్కు

కొన్ని బాధలకు మన భాషలో నలుగురిలో పలకగలిగే పేరు లేదు. స్త్రీల బాహ్య జననాంగంలో నెలల తరబడి నిలిచిపోయే మంట అటువంటిది. "కింద నొప్పి" అని ఊరుకుంటారు. స్పష్టమైన కారణం కనబడకుండా కనీసం మూడు నెలలు సాగే ఈ నొప్పిని వైద్యులు వల్వొడీనియా అంటారు. 2015లో మూడు అంతర్జాతీయ వైద్యసంఘాలు కలిసి ఈ నిర్వచనానికి వచ్చాయి.

అమెరికాలో హార్లో, స్టూవర్ట్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో, ఇటువంటి నొప్పి ఎరిగిన స్త్రీలలో దాదాపు 40 శాతం మంది చికిత్సకే వెళ్ళలేదు. వెళ్ళినవారిలో 60 శాతం మంది ముగ్గురు లేక అంతకు మించి వైద్యులను చూశారు. అలా తిరిగి తిరిగి అలసిన మనిషి చేతికి మార్గదర్శకాల పత్రం దొరికితే ఏం చేయాలి? కళ్ళకద్దుకోవాలా, తూచి చూడాలా?

తూచి చూడాలనే నేనంటాను. అమెరికా ప్రసూతి, స్త్రీవైద్య నిపుణుల సంఘం 2016లో ఇచ్చిన పత్రంలో పైపూతలు, మాత్రలు, కటి కండరాల ఫిజియోథెరపీ, మానసిక చికిత్స, శస్త్రచికిత్స అన్నీ ఉన్నాయి. వీటి ఆధారాలలో అధికభాగం వైద్యుల అనుభవం, నిపుణుల అభిప్రాయం వంటి వాటి మీద ఆధారపడినదని ఆ పత్రమే ఒప్పుకుంటుంది. రోగి ముందుగా చదవవలసిన వాక్యం అదే.

తాకితే పుట్టే రకం నొప్పిపై జరిగిన రెండు పరిశోధనలు చూడండి. 2010లో 133 మంది స్త్రీలపై డెసిప్రమిన్ మాత్రనూ, లిడోకైన్ పూతనూ పరీక్షిస్తే, అవి ఉత్తుత్తి మందును మించలేదు. 2021లో కెనడాలో 212 మందితో జరిపిన పరిశోధనలో ఫిజియోథెరపీ లిడోకైన్ కంటే మేలనిపించుకుంది. జాబితాలో పక్కపక్కన నిలిచినంత మాత్రాన అన్నీ సమానబలం కలవి కావు.

"వైద్యుడికి తెలియనిది రోగికి తెలుసా?" అనేవారున్నారు. మార్గదర్శకాలను పారవేయమని నేననడం లేదు. పరీక్ష చేయకుండా ఫంగస్ మందులే మళ్ళీమళ్ళీ రాసే అలవాటుకు అడ్డుకట్ట వేసేవి అవే. దిగులుకు వాడే అమిట్రిప్టిలిన్‌ను నరాల నొప్పికీ ఇస్తారని ముందే తెలిస్తే, చీటీ చూసి "నాకు పిచ్చి అంటున్నారా?" అని ఏ స్త్రీ కుమిలిపోనక్కరలేదు.

అయితే ఒక పూత పనిచేయకపోతే మానేయవచ్చు. కోసి తీసేసిన కణజాలం తిరిగి రాదు. ఈ తేడాను తూచవలసింది ఆ శరీరంతో బతకవలసిన మనిషే. "దీనికి ఆధారమేమిటి? పనిచేయకపోతే తరువాతేమిటి?" అని ఆమె అడగడాన్ని ధిక్కారంగా ఎంచరాదు. చికిత్సలో అదీ ఒక భాగమే. మీరేమంటారు?