పేరు పెట్టింది ఫ్లోరెన్స్, హక్కు కంపెనీది

ముగ్గురు ఆడవాళ్ళు కలిసి పనిచేసి విడిపోతే చాలు, "ఆడదానికి ఆడదే శత్రువు" అనేస్తారు. అమెరికాలో నల్లజాతి యువతుల సోల్ సంగీత బృందం 'సుప్రీమ్స్' గురించి దశాబ్దాలుగా చెప్తూ వస్తున్నదీ ఇదే కథ. డయానా రాస్ అహంకారమట, ఫ్లోరెన్స్ బల్లార్డ్ అసూయట, తాగుడట! ఈ కథలో ఎక్కడా కనబడనిది ఒప్పందం కాగితం.

1959లో డెట్రాయిట్‌లో నలుగురు ఆడపిల్లలు 'ప్రైమెట్స్'గా మొదలయ్యారు. 1961లో మోటౌన్ రికార్డు కంపెనీ వాళ్ళను తీసుకున్నప్పుడు 'సుప్రీమ్స్' అన్న పేరు ఎంచుకున్నది ఫ్లోరెన్స్. మరుసటి ఏడాదికి ముగ్గురు మిగిలారు. 1964-69 మధ్య వాళ్ళ పాటలు 12 అమెరికాలో మొదటి స్థానానికి చేరాయి. ముందు నిలబడి పాడేది డయానాయేనని నిర్ణయించింది యజమాని బెర్రీ గోర్డీ. 1967లో ఫ్లోరెన్స్‌ను తప్పించి సిండీ బర్డ్‌సాంగ్‌ను తెచ్చారు. తాను 'సుప్రీమ్స్'లో పాడానని ప్రచారంలో చెప్పుకోకూడదని ఫ్లోరెన్స్ చేత సంతకం పెట్టించుకున్నారు. పేరు పెట్టిన మనిషి ఆ పేరెత్తకూడదు! 1971లో ఆమె వేసిన దావా నిలవలేదు. ప్రభుత్వ సహాయం మీద బతికే స్థితికి వచ్చి, 1976లో 32 ఏళ్ళకే చనిపోయింది. తాగుడు గురించి చెప్పేవాళ్ళు, 1960లో ఆమెపై జరిగిన అత్యాచారం గురించి ఎందుకు చెప్పరు? మేరీ విల్సన్ 1986లో తన ఆత్మకథలో ఆ విషయం రాసింది కదా.

డయానా వెళ్ళాక 1970లో జీన్ టెర్రెల్ వచ్చింది. 1972లో సిండీ గర్భవతి అయి తప్పుకుంటే లిండా లారెన్స్ వచ్చింది. మరుసటి ఏడాది లిండా కూడా గర్భంతోనే వెళ్ళిపోయింది. (దీన్ని కూడా "సభ్యుల మార్పు" అనే అంటారు.) తర్వాత షెర్రీ పేన్, సుసే గ్రీన్. మనుషులు మారుతున్నా సరుకు మీద ముద్ర మారలేదు. మొదటి నుంచి 1977లో బృందం రద్దయ్యేదాకా ఉన్నది మేరీ ఒక్కతే. ఆమెకూ ఆ పేరు మీద హక్కు దక్కలేదు.

గోర్డీ నల్లజాతివాడు, తెల్లవాళ్ళ రేడియోలోకి నల్లగొంతులను చేర్చినవాడు కదా అంటారు. కాదనం. అయితే జాతి గెలుపు పేరు చెప్పి ఆడవాళ్ళ కూలి లెక్క అడగొద్దంటే ఎలా? ఆ లెక్క అడిగినందుకే కదా ఫ్లోరెన్స్ అసూయపరురాలయింది!