ప్రభువు బల్ల దగ్గర కూడా కులమేనా?

పోయినేడు మా చర్చికి మాదిగ పాస్టరు వచ్చాడు. ఆ ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి మావాళ్లు సగంమంది రాలేదు. మేం మాలలం. సిగ్గుపడే ఈ మాట రాస్తున్నాను.

మన పెద్దలు ఏం చూసి ఈ మతంలో చేరారు? ఒంగోలులో మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పైకులాలోళ్లు క్లౌ దొరకి అడ్డంతిరిగారు. దొర మాదిగల్ని వదల్లేదు. మాదిగబిడ్డ యర్రగుంట్ల పేరయ్య ఊరూరా సువార్త చెప్పాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆనాడు పైకులాలోళ్లు అన్నమాటే ఈనాడు మనం అంటున్నాం. మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి. మిషన్లు ఈ గోడ కట్టలేదు, పూర్తిగా పడగొట్టనూ లేదు.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ముందు మాత్రం మనం ఒకటే. క్రైస్తవులైతే మాలకీ మాదిగకీ ఎస్సీ హోదా లేదు, ఇద్దరూ బీసీ-సీనే. దెబ్బ ఒకటైనప్పుడు బల్లలు రెండెందుకు?

క్రిస్మస్‌కి కేకు పంచితే సమాధానపడినట్టు కాదు. సంఘం కమిటీలో కుర్చీ, సమాధుల దొడ్డిలో చోటు, ఇంట్లో పిల్ల సంబంధం, ఇవి పంచుకోవాలి. తప్పు చేసింది మేం గనక ముందడుగు మాదే. వచ్చే ఆదివారం ఆ పాస్టరు చేతి రొట్టె నేనే ముందు తీసుకుంటాను. మీరూ రండి.