ట్యూబు సరే, పరీక్ష ఏదీ?

వేముల మండలంలో వాన తప్పినా, బోరు ఎండినా ఇంటి ఖర్చుకు ఆసరాగా నిలిచేది పాల బిల్లు. ఆ బిల్లుకు గండి కొట్టే రోగం పొదుగువాపు. పాలిచ్చే ఆవుకు పొదుగు వాస్తే వెంటనే డాక్టరును పిలుస్తాం. వట్టిపోయిన ఆవును మాత్రం పెద్దగా పట్టించుకోం. ముప్పు పొంచి ఉండేది అక్కడే.

ఈనడానికి దాదాపు 60 రోజుల ముందు పాలు మాన్పిస్తాం. మాన్పించిన తొలి రెండు వారాలు, ఈనే ముందు చివరి రెండు వారాలు పొదుగులోకి కొత్త క్రిములు చేరే అవకాశం ఎక్కువ. అంతకుముందే లోపల దాగిన జబ్బు ఈనిన తర్వాత బయటపడవచ్చు. ఒక చన్ను చెడిపోతే ఆ మేరకు పాలు పోయినట్టే. అందుకే చివరిసారి పాలు పిండాక నాలుగు చన్నుల్లోకీ ఎక్కువ కాలం పనిచేసే యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించే పద్ధతి వచ్చింది. మందు మంచిదే. కానీ రోగం ఉన్నా లేకున్నా ప్రతి పశువుకూ ఎక్కిస్తూ పోతే క్రిములు దానికి లొంగకుండా తయారవుతాయి. రేపు నిజంగా అవసరం పడినప్పుడు పశువులకే కాదు, మనుషులకూ మందు పనిచేయకపోవచ్చు.

పాలలో మందు మిగిలినా నష్టపోయేది రైతే. 2018లో ఆహార భద్రతా సంస్థ దేశవ్యాప్తంగా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 77 నమూనాల్లో యాంటీబయాటిక్ పరిమితికి మించి ఉంది. సంఖ్య చిన్నదే కావచ్చు. కానీ అలాంటి పాలను తిప్పి పంపితే ఆ పూట శ్రమంతా నేలపాలే.

ఐరోపా యూనియన్ 2022 జనవరి 28 నుంచి రోగం లేని పశువులకు అలవాటుగా యాంటీబయాటిక్ ఇవ్వడాన్ని నిషేధించింది. అక్కడ ఏ ఆవుకు మందు కావాలో తేల్చడానికి పాల పరీక్షల లెక్కలు ఉన్నాయి. ఇక్కడ రెండు పశువులున్న రైతుకు ఏమున్నాయి? పరీక్ష చూపకుండా మందు తగ్గించమనడం ఉచిత సలహా మాత్రమే.

ఆ పరీక్ష ఖరీదైనదేమీ కాదు. నాలుగు గుంటల పళ్లెంలో ఒక్కో చన్ను పాలు వేరువేరుగా పిండి, అంతే కొలతలో మందునీళ్లు కలిపి తిప్పితే, జబ్బున్న చన్ను పాలు జిగురులా చిక్కబడతాయి. నిమిషంలో తేలిపోతుంది. ప్రతి రైతు సేవా కేంద్రంలో, ప్రతి పాల సేకరణ కేంద్రంలో ఈ పరీక్ష ఉచితంగా చేయాలని డిమాండ్ చేస్తున్నాం. ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే పనిలో ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలను భాగం చేయాలి. మన పాలతో వ్యాపారం చేసే కంపెనీలు ఖర్చులో వాటా భరించాలి.

అప్పటిదాకా మన జాగ్రత్త మనం తీసుకుందాం. పాలు మాన్పించే ముందు దాణా తగ్గించండి. డాక్టరు చెబితేనే ట్యూబు వాడండి. ఎక్కించే ముందు చన్ను మొనను స్పిరిట్ దూదితో తుడవండి. మురికితో ఎక్కిస్తే మనమే క్రిమిని లోపలికి పంపినట్టు. వట్టి ఆవుల ట్యూబును పాలిచ్చే ఆవుకు వాడొద్దు. ఎక్కించిన తేదీ రాసిపెట్టుకోండి. ముందుగా ఈనితే డాక్టరును అడిగి, గడువు తీరాకే పాలు కేంద్రానికి పోయండి. కొట్టంలో నేల పొడిగా ఉంచండి.

మందు అవసరమైన ఆవుకు మందు, అవసరం లేని ఆవుకు శుభ్రత. ఏది ఏ ఆవో తేల్చే పరీక్ష మాత్రం మన హక్కు. వచ్చే గ్రామసభలో ప్రతి శాఖా ఈ మాట లేవనెత్తాలి.