ఎస్సీ పిల్లలంతా లేచి నిలబడండి!

ఏటా స్కాలర్‌షిప్ కాగితాలు నింపే రోజుల్లో బడుల్లో ఒక కేక వినబడుతుంది: 'ఎస్సీ పిల్లలంతా లేచి నిలబడండి!' పంతులుకి అది పేర్లు రాసుకోటమే. లేచిన పిల్లకి మాత్రం అంతటితో అయిపోదు. పొద్దున పక్కన కూర్చుని జామకాయ పంచుకున్న స్నేహితురాలు మధ్యాహ్నానికి కాస్త జరిగి కూర్చుంటుంది. ఆ జానెడు దూరం ఏ రిజిస్టరులోకీ ఎక్కదు.

మేం అట్లా లేచి నిలబడి చదువుకున్నవాళ్ళమే. మా ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం. పంతుళ్ళమయ్యాక ఏం చేశామో కూడా చెప్పాలి గదా! మొదట్లో మేమూ అదే కేక వేశాం. అలవాటుగా వేశాం. ఒకరోజు ఏడో తరగతి పిల్ల ఒకతె లేవలేదు. జాబితాలో పేరుంది, పిల్ల తల ఎత్తటం లేదు. వచ్చే నాలుగు రూపాయలు పోగొట్టుకోటానికైనా సిద్ధపడింది గాని, అందరి ముందూ లేవటానికి సిద్ధపడలేదు. ఆ రోజు మాకు సిగ్గేసింది. అప్పట్నించి ఆ వివరాలు వాడకెళ్ళి, తల్లిదండ్రుల దగ్గర కూర్చుని రాసుకుంటున్నాం.

ఇప్పుడు 'విద్యార్థుల మానసిక ఆరోగ్యం' అనే మాట అందరి నోటా ఉంది. మంచిదే. అయితే మన పిల్ల బడికి రానంటే భయస్తురాలంటారు, నోరు తెరవకపోతే మొద్దు అంటారు, తిరగబడితే పొగరంటారు. జబ్బంతా పిల్ల తలకాయలోనే ఉన్నట్టు మాట్లాడతారు. దెబ్బ కొట్టిన చేతి సంగతి ఎవరూ ఎత్తరు.

సతారా బడిలో చిన్నారి అంబేడ్కర్ ఇంటి నించి గోనెపట్టా తెచ్చుకుని మూలన విడిగా కూర్చున్నాడు. ప్యూను కుళాయి తిప్పితేనే నీళ్ళు, ప్యూను రాకపోతే దాహమే. ఆయన దాన్ని జీవితాంతం మర్చిపోలేదు, రాసి పెట్టాడు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములని పోగొట్టుకున్నాం. అంతకు ముందే అతన్నీ, మరో నలుగురినీ హాస్టలు నించి బయటికి పంపారు. 2019 మే 22న ముంబైలో ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీని పోగొట్టుకున్నాం. సీనియర్లు కులం పేరుతో వేధించారని ఆమె కుటుంబం చెప్పింది. ఇవన్నీ ఎక్కడో పెద్ద చదువుల్లో జరిగే సంగతులని మన ఊరి బడి చేతులు దులుపుకోటానికి వీల్లేదు. తల వంచుకోటం నేర్పే మొదటి పాఠం ఒకటో తరగతిలోనే మొదలవుతోంది.

'మేం బెత్తం దెబ్బలు తిని చదువుకోలా? మనసూ గినసూ పెద్దింటోళ్ళ జబ్బులు' అని మనవాళ్ళే అంటారు. అయ్యలారా, అమ్మలారా! ఆ మాట అంటున్నది దెబ్బలు ఓర్చుకుని నిలబడ్డ కొద్దిమందిమి. మాతో పాటు బళ్ళో చేరి, ఆ అవమానం తట్టుకోలేక గొడ్ల వెంటా, కూలి పనికీ పోయినవాళ్ళు ఎంతమంది? వాళ్ళని ఎవరు లెక్క రాశారు?

చట్టం మన పక్షాన ఉంది. పిల్లల్ని కొట్టటమే కాదు, మనసు నొప్పించి వేధించటం కూడా నిషేధమని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కి వెళ్ళిన 17 ఏళ్ళ పిల్ల 2023లో చనిపోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది గాని, అంతకు మించి గాని పిల్లలున్న చోట శిక్షణ పొందిన కౌన్సిలరుండాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. కాగితం మీద బాగుంది. అడగనిదే అది మన బడిదాకా నడిచిరాదు.

కౌన్సిలరు వచ్చినా సగం పనే అవుతుంది. పొద్దున క్లాసులో గాయం చేసి, సాయంత్రం కౌన్సిలరు చేత మందు రాయిస్తే ఆ గాయం మానుతుందా?

అందుకే తోటి పంతుళ్ళకి చెబుతున్నాం: కులం పేరుతో లేపొద్దు. ఊడ్చే పని, మరుగుదొడ్డి పని మన వాడ పిల్లలకే అప్పజెప్పొద్దు. బెంచీలు వారం వారం మార్చండి. నిన్నటిదాకా గలగల్లాడిన పిల్ల మూగబోతే తిట్టకుండా పక్కకి పిలిచి అడగండి. అడిగి, విప్పి చెప్పేదాకా ఆగండి. మనం డాక్టర్లం కాదు. మన చేతిలో లేదనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి పంపాలి.

తల్లిదండ్రులకి: సర్కారు బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం. అక్కడ సంతకం పెట్టి వచ్చెయ్యొద్దు, ఈ సంగతులు అడగండి. ఇంటికొచ్చిన పిల్లని 'ఎన్ని మార్కులొచ్చినయ్?' అనే ముందు 'నీ పక్కన ఎవరు కూర్చున్నారు?' అని అడగండి. బతకాలని లేదని పిల్ల ఒక్కసారి అన్నా తేలిగ్గా తీసెయ్యొద్దు, ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు వాడలో, హాస్టల్లో గోడల మీద రాయించటం సంఘం పిల్లలు ఈ పక్షంలోనే చెయ్యగలిగిన పని.

మన పిల్లలు క్లాసులో లేచి నిలబడాలి. కులం చెప్పుకోటానికి కాదు, ప్రశ్న అడగటానికి.